కాలి ఆపరేషన్ అయిన కుక్కను చూసుకోవడం: మొదటి రాత్రి నుంచి పన్నెండో వారం దాకా

మా బెల్లం వీధి కుక్క. రెండేళ్ల వయసు, 18 కిలోల బరువు. సందు మలుపులో బైక్ గుద్దేసి వెనక ఎడమ కాలి తొడ ఎముక రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు. గంటన్నరలో అయిపోయింది. ఆ తర్వాత మూడు నెలలకు పైగా పట్టిన పని మాది. అందులో ఏది ఎలా చేయాలో, నేను ఎక్కడ తప్పు చేశానో వరసగా రాస్తున్నాను.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది. ప్లేటు ఎముకను అతికించదు. ఎముక తనంతట తాను అతుక్కునే వరకు కదలకుండా పట్టుకుంటుంది, అంతే. ఇనప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే చివరికి పుటుక్కున తెగుతుంది కదా, ప్లేటు కూడా అలాగే అలసిపోతుంది. ఎముక ముందు అతుక్కుంటుందా, ప్లేటు ముందు వదులవుతుందా అన్నదే పందెం. ఎదిగిన కుక్కలో ఎముక గట్టిపడటానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, ఆరు నెలల లోపు పిల్లలకైతే దాదాపు 4 నుంచి 6 వారాలు. కానీ నొప్పి అంతకంటే చాలా ముందే తగ్గిపోతుంది. కుక్కకు తెలిసేది నొప్పి ఒక్కటే, ఎక్స్‌రే సంగతి దానికి తెలియదు. అందుకే కుక్క మూలుగుతూ పడుకున్న రోజుల కంటే, హుషారుగా తోకూపే రోజులే ప్రమాదం.

ఇంటికి తెచ్చే ముందే సర్దుకోవాల్సినవి

ఆపరేషన్ రోజు ఉదయం కుక్కను అప్పగించి, సాయంత్రం దాకా హాస్పిటల్ బయట కూర్చుని టెన్షన్ పడేకన్నా ఒకరు ఇంటికొచ్చి ఈ పనులు చేయడం మేలు.

అన్నిటికంటే ముందు నేల. మన ఇళ్లలో గ్రానైటో, టైల్సో, పాలరాయో ఉంటుంది. మూడు కాళ్ల మీద నిలబడే కుక్కకు అది ఐసుగడ్డ మీద నడకే. కుక్క ఉండే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా జారని దారి వేయండి. రబ్బరు మ్యాట్లు, పాత యోగా మ్యాట్లు, గోనె సంచులు ఏవైనా సరే. దుప్పటి మాత్రం వద్దు, అదే జారుతుంది. గోనె సంచి అంచులు లేవకుండా టేపు వేయండి. గోళ్లు పెరిగి ఉంటే, పాదాల కింద వేళ్ల మధ్య వెంట్రుకలు ఎక్కువుంటే, మత్తులో ఉండగానే కత్తిరించమని అడగండి. మెలకువ వచ్చాక ఆ పని ఎంత కష్టమో మీకు తెలిసిందే.

రెండోది గది. కుక్క లేచి నిలబడి, చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్లు చాపి పడుకోగలిగేంత చోటు చాలు. పెద్ద బోను ఉంటే సరే, లేకపోతే హాల్లో ఒక మూలను పిల్లల గేటుతోనో, పడుకోబెట్టిన టీపాయ్‌తోనో అడ్డుకట్టవచ్చు. మేం పాత మడత మంచాన్ని నిలబెట్టి కట్టేశాం. మనుషులు కనపడే చోటైతే అరుపులు తక్కువ. పక్క మెత్తగా ఉండాలి, కానీ కాళ్లు కూరుకుపోయే స్పాంజి పరుపు వద్దు, లేవలేదు. పాత బొంత రెండు మడతలు వేసి, కింద ప్లాస్టిక్ షీటు పరిస్తే ఉతుక్కోవడం తేలిక.

సోఫాలు, మంచాలు ఎక్కే అలవాటున్న కుక్కయితే వాటి మీద కుర్చీలు బోర్లించండి. మెట్ల దగ్గర అడ్డు పెట్టండి. కాలింగ్ బెల్ మోగితే ఎగిరి దూకే రకమైతే బెల్ తీసేయండి. నవ్వకండి, మేం మూడు నెలలు తీసేశాం. కొరియర్ అబ్బాయిలకు ఫోన్ చేయమని చీటీ అంటించాం.

మొదటి రాత్రి

మత్తు పూర్తిగా దిగడానికి సుమారు ఒక రోజు పడుతుంది. ఆ రాత్రి చాలా కుక్కలు మూలుగుతాయి, ఎటో చూస్తాయి, పిలిస్తే పలకవు. అదంతా నొప్పే అనుకుని కంగారు పడకండి, చాలావరకు మత్తు తాలూకు అయోమయం. కానీ ఒళ్లు తాకనివ్వకుండా, ఎంతకూ పడుకోలేకుండా ఆయాసపడుతుంటే అది నొప్పి. డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

ముందు నీళ్లు కొద్దికొద్దిగా పెట్టండి. వాంతి లేకపోతే రోజూ పెట్టే దానిలో పావు వంతు అన్నం చాలు. మొదటి ఒకటి రెండు రోజులు తిండి మీద ధ్యాస ఉండదు, సహజమే. ఒంటికి మాత్రం 24 గంటల్లోపు పోయాలి, పోయకపోతే చెప్పాలి. రెంటికి నాలుగైదు రోజులు వెళ్లకపోయినా సరే, మత్తూ, నొప్పి మందులూ, ఖాళీ కడుపూ కలిసి అలా చేస్తాయి. మా అత్తయ్య మూడో రోజుకే ఆముదం సీసా పట్టుకొచ్చింది. వద్దని చెప్పి, ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు రెండు చెంచాలు అన్నంలో కలిపాం. మర్నాడు అయింది.

కదలలేని కుక్క ఒకే పక్కన గంటల తరబడి పడుకుంటే మోచేతుల దగ్గర, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. నాలుగు గంటలకోసారి మెల్లగా పక్క మార్చండి.

ఎత్తడం, నడిపించడం

పెద్ద కుక్కను ఎత్తేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము ముందు నుంచి, ఇంకో చెయ్యి పిర్రల వెనక నుంచి చుట్టి, దాన్ని మీ ఒంటికి ఆనించుకుని లేవాలి. చంకల కింద చేతులు పెట్టి, వెనక కాళ్లు వేలాడేలా ఎత్తకూడదు. 25 కిలోలు దాటితే ఇద్దరు కావాలి. లిఫ్టు లేని ఇల్లయితే ఈ ఇద్దరు ఎవరెవరో, ఏ వేళకు ఇంట్లో ఉంటారో ముందే మాట్లాడుకోండి.

వెనక కాలికి ఆపరేషన్ అయితే పొట్ట కింద నుంచి ఒక గుడ్డ ఊతం కావాలి. దీనికి ప్రత్యేకంగా అమ్మే స్లింగ్‌లు ఉన్నాయి. పాత కాటన్ చీరను పొడవుగా నాలుగు మడతలు వేసినా అంతే పని చేస్తుంది. తొడల ముందు, పొట్ట కింద నుంచి పోనిచ్చి రెండు కొసలూ పైన పట్టుకోండి. కుక్కను వేలాడదీయకూడదు, తూలితే ఆదుకునేంత బిగువు చాలు. మగ కుక్కయితే గుడ్డ మూత్రం పోసే చోటుకు అడ్డం రాకుండా చూడండి, లేకపోతే ఆ చీరకూ మీ చేతులకూ స్నానమే. ముందు కాలికి ఆపరేషన్ అయితే రొమ్ముకు హార్నెస్ తొడిగి, దాని పైపట్టీ పట్టుకుని నడిపించాలి. మెడ పట్టీకి గొలుసు వేసి లాగొద్దు.

మందులు

చీటీలో సాధారణంగా మూడు రకాలు ఉంటాయి. నొప్పికి, వాపుకి మెలాక్సికామో కార్ప్రోఫెనో, కొన్నిసార్లు నరాల నొప్పికి గాబాపెంటిన్, ఇంకా యాంటీబయాటిక్. వేళలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి, ఇచ్చినవాళ్లు టిక్ పెట్టాలి. మా ఇంట్లో ఒకసారి ఉదయం మాత్ర ఆయన ఒకటి, నేను ఒకటి వేయబోయాం.

నొప్పి మాత్ర తిండి పెట్టాకే వేయాలి. వాంతులు, రక్తపు విరేచనం, తారులాంటి నల్లటి మలం కనిపిస్తే తర్వాతి మోతాదు ఆపి ఫోన్ చేయండి. ఇంట్లో ఉన్న బ్రూఫెన్, డైక్లోఫెనాక్, పారాసెటమాల్ సొంతంగా వేయొద్దు. బ్రూఫెన్‌లో ఉండే ఐబుప్రోఫెన్ కుక్కకు కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలను పాడుచేస్తుంది. మన దగ్గర మెడికల్ షాపులో అడిగితే 'కుక్కకే కదా, సగం మాత్ర వేయండి' అనేవాళ్లు ఉంటారు. వినకండి. ఇంతకుముందు నుంచి చర్మానికో, దురదకో స్టెరాయిడ్ వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, ఈ నొప్పి మందులతో అది కలవకూడదు.

కుక్క హుషారుగా ఉందని నొప్పి మందు ముందే ఆపేయకండి. 'నొప్పి ఉంటేనే కదలకుండా ఉంటుంది' అని మాకు ఒకరు సలహా ఇచ్చారు. నొప్పితో ఉన్న కుక్క కాలు ముడుచుకునే ఉంచుతుంది, కండ కరిగిపోతుంది, కీలు బిగుసుకుపోతుంది. కదలకుండా ఉంచాల్సింది గేటూ గొలుసూ, నొప్పి కాదు.

కుట్లు, కట్టు, ఈగలు

రోజుకు రెండుసార్లు మంచి వెలుతురులో కుట్లు చూడండి. మొదటి రోజే ఒక ఫోటో తీసి పెట్టుకుంటే పోల్చుకోవడం సులువు. కొద్దిగా ఎరుపు, కొద్దిగా వాపు ఉంటాయి. రెండు మూడు రోజులకు వాపు కిందికి దిగి మడమ దగ్గర నీటి సంచిలా కనిపించవచ్చు, చర్మం కమిలి ఊదారంగులో ఉండవచ్చు. అది దిగిపోతున్న వాపే. కుట్ల దగ్గర చీము, వాసన, రోజురోజుకూ పెరిగే ఎరుపు మాత్రం వేరే సంగతి.

పసుపు పెట్టొద్దు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు. డాక్టర్ చెప్పింది తప్ప ఏదీ రాయొద్దు. కుట్లు విప్పేది 10 నుంచి 14 రోజులకు, అప్పటిదాకా స్నానం లేదు.

ఇంగ్లిష్‌లో వచ్చే వీడియోల్లో దాదాపు ఎవరూ చెప్పనిది, మన దగ్గర చాలా ముఖ్యమైనది ఈగలు. వేసవిలో, వానాకాలంలో తడి గాయం మీద ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. వీధి కుక్కలకు చూసే ఉంటారు. కుక్కను బయట వరండాలో కట్టేయకండి. గదికి దోమతెర, పైన ఫ్యాన్ ఉండాలి. పక్క తడిసిన వెంటనే మార్చాలి. గాయం నుంచి కుళ్లు వాసన వస్తే మర్నాటి దాకా ఆగకండి.

కట్టు వేసి ఉంటే అది పొడిగా ఉండాలి. వానలో బయటికి తీసుకెళ్లేటప్పుడు కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ కవరు పాదానికి తొడిగి, లోపలికి రాగానే తీసేయండి. అలాగే ఉంచితే లోపల చెమ్మ చేరుతుంది. కట్టు కింద బయటికి కనిపించే మధ్య వేళ్లు రెండింటినీ రోజూ చూడండి. ఆ రెండు గోళ్లూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఎడంగా విచ్చుకున్నాయంటే పాదం వాస్తోందని, కట్టు బిగుసుకుందని అర్థం. వేళ్లు చల్లబడినా, కట్టును అదేపనిగా కొరుకుతున్నా అదే రోజు చూపించాలి. మీరు విప్పి మళ్లీ కట్టడం మాత్రం వద్దు.

కట్టు అంటే గుర్తొచ్చింది. మా వీధిలో కనీసం ముగ్గురు 'ఇంత ఖర్చెందుకు, పుత్తూరు కట్టు కట్టిస్తే పోయేది' అన్నారు. ఆపరేషన్ అయ్యాక కూడా పైన ఒక కట్టు వేయిస్తే త్వరగా అతుకుతుందని ఇంకొకాయన. లోపల ప్లేటు ఉన్న కాలికి పైనుంచి బద్దలు పెట్టి బిగిస్తే జరిగేది రక్తం ఆడకపోవడం, చర్మం పుండు పడటం. మర్యాదగా తలూపి లోపలికి వచ్చేయండి.

మెడకు కోన్ (గాయం నాకకుండా మెడ చుట్టూ తొడిగే ప్లాస్టిక్ గరాటు) కుట్లు విప్పేదాకా, ఆ తర్వాత ఇంకో రెండు మూడు రోజులు ఉండాలి. పాపం అనిపించి తీసేస్తాం, ఐదు నిమిషాల్లో కుట్లు నాకి ఊడదీస్తుంది. కుక్క నాలుక గాయాన్ని మాన్పుతుందన్నది నమ్మొద్దు. కోన్ అంచు ముక్కు కొసను దాటి కాస్త బయటికి ఉంటేనే పని చేస్తుంది. తినేటప్పుడు మీరు పక్కనే కూర్చుని తీయవచ్చు. నీళ్ల గిన్నెను చిన్న పీట మీద పెడితే కోన్‌తోనే తాగుతుంది. మా పిల్లలు దానికి మైక్ సెట్ అని పేరు పెట్టారు.

చల్లటి కాపడం, వేడి కాపడం

మొదటి రెండు మూడు రోజులు చల్లటిది. ఐసు ముక్కలనో, ఫ్రీజర్‌లోని బఠాణీ ప్యాకెట్‌నో పల్చటి తువ్వాలులో చుట్టి, కుట్లు తడవకుండా 10 నుంచి 15 నిమిషాలు ఆనించండి. రోజుకు మూడు నాలుగుసార్లు. వాపు తగ్గాక, డాక్టర్ సరే అంటే, గోరువెచ్చటి గుడ్డతో కాపడం. ముందు మీ మోచేతి లోపలి వైపు పెట్టి చూసుకోండి, మీకు హాయిగా ఉంటేనే దానికీ హాయి.

కాలు కదిలించే వ్యాయామం డాక్టరో, ఫిజియో తెలిసినవాళ్లో ఒకసారి చేసి చూపించాకే. కుక్కను మంచి కాలి వైపు పడుకోబెట్టి, ఒక చేత్తో తొడను, ఇంకో చేత్తో పాదాన్ని పట్టుకుని, సైకిల్ తొక్కినట్టు మెల్లగా ముడిచి చాపాలి. 10 సార్లు, రోజుకు రెండు మూడు విడతలు. అది తల తిప్పి మీ చేతిని చూసిందంటే అక్కడే ఆగండి. కీలు ఎంతవరకు వస్తే అంతవరకే, బలవంతం లేదు.

గొలుసు రోజులు

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. 19వ రోజు సాయంత్రం బెల్లం నాలుగు కాళ్లూ నేలకు ఆనించి నడుస్తోంది. కుట్లు విప్పేశారు. హాల్లో రెండు నిమిషాలు వదిలితే ఏం పోతుందిలే అని గొలుసు తీశాను. బాల్కనీ గోడ మీద పిల్లి. మ్యాట్ లేని చోట గ్రానైట్ మీద జారి, కాళ్లు విడివడి పడింది. అరవలేదు కూడా. మర్నాడు కాలు ఎత్తి పట్టుకుంది. ఎక్స్‌రేలో పైనుంచి రెండో స్క్రూ కొద్దిగా వదులైంది. అదృష్టం కొద్దీ మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదన్నారు, కానీ మొత్తం లెక్క ఇంకో మూడు వారాలు వెనక్కి పోయింది.

అందుకే నా నియమం: బోనులో లేనప్పుడు గొలుసు, ఇంట్లో కూడా. గొలుసు పొడవు నాలుగడుగులు మించొద్దు.

మొదటి రెండు వారాలు బయటికి వెళ్లేది ఒంటికి, రెంటికి మాత్రమే. రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాల లోపు, ఊతం గుడ్డతో. మూడు, నాలుగు వారాల్లో చదునైన నేల మీద 5 నుంచి 10 నిమిషాల నడక, రోజుకు రెండుసార్లు. ఐదు, ఆరు వారాల్లో 10 నుంచి 15 నిమిషాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఎక్స్‌రే తీస్తారు. ఎముక అతుకు కనిపిస్తే వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ, చిన్న ఏటవాలు దారులు, ఆ తర్వాత నాలుగైదు మెట్లు. గొలుసు లేని పరుగు, బంతి ఆట, వేరే కుక్కలతో కుస్తీ అన్నీ డాక్టర్ సరే అన్నాకే, సాధారణంగా 12 వారాలు దాటాక.

నడక చాలా మెల్లగా ఉండాలి, పెళ్లి ఊరేగింపు అంత మెల్లగా. వేగంగా నడిపిస్తే కుక్క బాగా లేని కాలు ఎత్తేసి మూడింటి మీద గెంతుతుంది. మెల్లగా నడిస్తే నాలుగోది ఆనించక తప్పదు. ప్రతి నడక తర్వాతా, మర్నాడు పొద్దున్నా చూడండి. కుంటు నిన్నటికంటే పెరిగితే నడక నిన్న ఎక్కువైందన్నమాట, రెండు రోజులు తగ్గించండి.

పై లెక్క ప్లేటు పెట్టిన ఎముకలకు, మోకాలి లిగమెంటు ఆపరేషన్లకు దాదాపు సరిపోతుంది. అన్నిటికీ కాదు. తుంటి దగ్గర తొడ ఎముక తలను తీసేసే ఆపరేషన్ అయితే కథ తిరగబడుతుంది. అక్కడ నొప్పి మందు వేసి మొదటి వారాల నుంచే కాలు వాడేలా చేయాలి, లేకపోతే తుంటి బిగుసుకుపోతుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పామరేనియన్లకు మోకాలి చిప్ప పక్కకు జారే జబ్బు మామూలు. ఆ ఆపరేషన్ అయిన చిన్న కుక్కలకు పరుగు కంటే సోఫా మీది నుంచి దూకడమే పెద్ద శత్రువు. ఎముకకు బయటి నుంచి పిన్నులు పెట్టి ఉంటే, పిన్ను చర్మంలోకి వెళ్లే చోట రోజూ శుభ్రం చేయడం ఎలాగో చూపించుకుని రండి. మీ కుక్కకు జరిగిన ఆపరేషన్ పేరు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాయించుకోండి, ఏ సలహా మీకు వర్తిస్తుందో అప్పుడే తెలుస్తుంది.

పగలంతా ఏం చేయాలి

పదో రోజు తర్వాత అసలు సమస్య విసుగు. అన్నం గిన్నెలో పెట్టేయకుండా పని చేయించి పెట్టండి. పాత తువ్వాలును చాపలా పరిచి, ఉడికించిన చికెన్ ముక్కలు పెట్టి చుట్టేస్తే విప్పుకోవడానికి పావుగంట. స్టీలు గిన్నెలో పెరుగు గడ్డకట్టించి ఇస్తే అరగంట నాకుతుంది. ముక్కుతో వెతకడం నడిచినంత అలసట ఇస్తుంది. ఎంతకూ కుదురుగా ఉండని కుక్కయితే డాక్టర్‌నడిగి కొన్నాళ్లు మత్తునిచ్చే మందు వాడటంలో తప్పేమీ లేదు. దీపావళి ఈ మూడు నెలల్లో పడితే మాత్రం వారం ముందే అడగండి. టపాసులకు బెదిరి బోను గోడలకు తలా కాలూ కొట్టుకుంటే పెట్టిన ప్లేటు సంగతి చెప్పక్కర్లేదు.

తిండి

నడక లేదు కాబట్టి తిండి దాదాపు పావు వంతు తగ్గించాలి. పెరిగే ప్రతి కిలో ఆ కాలి మీదే పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు 'బలం రావాలి' అని నెయ్యి, మీగడ దొంగచాటుగా పెడుతుంటారు. వాళ్లకు పెట్టే పని అప్పగించి, పెట్టేది మీరు కొలిచి ఇవ్వండి. తగ్గించాల్సింది అన్నాన్నే, మాంసకృత్తులను కాదు. ఎముకలు తీసిన చికెన్, ఉడికించిన గుడ్డు, చేప మంచివి. ఉడికిన ఎముకలు పెట్టొద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర చారు, ద్రాక్ష, కిస్‌మిస్ వద్దు.

కాల్షియం సిరప్ గురించి అందరూ అడుగుతారు. కంపెనీ ఫుడ్ తినే కుక్కకు అక్కర్లేదు, పెద్ద జాతి పిల్లలకైతే ఎక్కువైనా హాని. కానీ పాలన్నం మీదో, వట్టి మాంసం మీదో పెరిగిన పిల్లలో ఎముకలే బలహీనంగా ఉండి చిన్న దెబ్బకు విరుగుతాయి. మీది అలాంటి కేసైతే ఏం తింటుందో దాచకుండా డాక్టర్‌కు చెప్పండి, అక్కడ తిండి మార్చడమే సగం వైద్యం.

వెంటనే ఫోన్ చేయాల్సిన సందర్భాలు

కాలు ఆనించడం మొదలుపెట్టిన కుక్క మళ్లీ పూర్తిగా ఎత్తేయడం అన్నిటికంటే పెద్ద గుర్తు. చాలా కుక్కలు మొదటి రెండు వారాల్లో వేలి కొసలైనా నేలకు తాకిస్తాయి. అది కూడా లేకపోతే అడగాలి. 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం (మామూలుగా 101 నుంచి 102.5 ఉంటుంది, మన 98.4 లెక్క పనికిరాదు), చీము, విడిపోయిన కుట్లు, రెండో రోజు దాటాక కూడా తిండి ముట్టకపోవడం, కాలు ఉన్నట్టుండి వంకర తిరిగినట్టు కనిపించడం. కుంటుతున్న వీడియో తీసి పంపితే డాక్టర్‌కు సగం పని తేలిక.

ఖర్చు భరించలేనివాళ్లు హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగవచ్చు. అక్కడ రద్దీ ఉంటుంది, ఉదయాన్నే వెళ్లాలి.

ప్లేటును చాలా కేసుల్లో తీయరు, లోపలే ఉండిపోతుంది. వదులైనా, చీము పట్టినా తీస్తారు. కాబట్టి ఆఖరి ఎక్స్‌రే ఫోటో ఫోన్‌లో దాచుకోండి, ఊరు మారినా వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా చూపించడానికి. బెల్లానికి ఇప్పుడు నాలుగేళ్లు. డిసెంబర్ పొద్దున్నే లేచినప్పుడు పది అడుగులు ఎడమ కాలు బిర్రుగా వేస్తుంది, తర్వాత మామూలే. హాల్లో గోనె సంచులు మాత్రం మేం ఇప్పటికీ తీయలేదు.